లివర్ ట్రాన్స్‌ప్లాంట్ అయిన మనిషిని ఎమర్జెన్సీకి తీసుకెళ్లాల్సి వస్తే: ఇంటి దగ్గర నుంచి అడ్మిషన్ దాకా

"ట్రాన్స్‌ప్లాంట్ హైదరాబాద్‌లో చేయించాం, ఉండేది శ్రీకాకుళంలో. అర్ధరాత్రి జ్వరం వస్తే ఏం చేయాలి?" ఊరి పేరు మారుతుంది కానీ ప్రశ్న ఇదే. ఆదిలాబాద్ వాళ్లు, ఒంగోలు వాళ్లు, చెన్నైలో ఆపరేషన్ చేయించుకున్న నెల్లూరు వాళ్లు, అందరిదీ ఒకటే టెన్షన్.

సమాధానం ఒక్క ముక్కలో చెప్పాలంటే, దగ్గరి ఆసుపత్రిలోని డ్యూటీ డాక్టరుకీ, ట్రాన్స్‌ప్లాంట్ చేసిన టీముకీ మొదటి అరగంటలో ఫోన్ కలపాలి. కింద రాసినదంతా ఆ ఫోన్ సరిగ్గా సాగడానికి, అది కలిసేలోపు తప్పు మందు ఒంట్లోకి వెళ్లకుండా చూసుకోవడానికి.

ఇది ముఖ్యంగా ఇంట్లోవాళ్ల కోసం. 6, 7 భాగాలు మాత్రం డ్యూటీ డాక్టరుకు చూపించడానికీ పనికొస్తాయి. మీ టీమ్ రాసిచ్చిన సూచనలు ఎక్కడైనా దీనికి తేడాగా ఉంటే వాళ్ల మాటే ఫైనల్.

1. ఒంట్లో బాగున్నప్పుడే సిద్ధం చేసుకోవాల్సినవి

డిశ్చార్జ్ ఫైల్ ఎంత లావుంటుందో మీకు తెలుసు. రాత్రి రెండింటికి క్యాజువాలిటీలో దాన్ని తిరగేసే తీరిక ఎవరికీ ఉండదు. అందుకే ఒకే ఒక్క పేజీ రాసి పెట్టుకోండి. ఇంగ్లీషులో, పెద్ద అక్షరాలతో, వీలైతే మీ ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్ (టీముకూ మీకూ మధ్య మాట్లాడే మనిషి) చేతనే రాయించండి. అందులో ఉండాల్సినవి ఇలా ఉంటాయి (అంకెలు ఉదాహరణకే):

- పేరు, వయసు, బరువు, బ్లడ్ గ్రూపు, అలర్జీలు
- ఆపరేషన్: 2024 ఫిబ్రవరి, లైవ్ డోనర్ (బతికున్న మనిషి ఇచ్చిన లివర్ భాగం), రైట్ లోబ్. పిత్తనాళాన్ని (లివర్ నుంచి పైత్యరసం, అంటే బైల్, తెచ్చే గొట్టం) నాళానికే కలిపారా, పేగుకు కలిపారా
- కారణం: హెపటైటిస్ బి. ఎంటెకవిర్ (ఆ వైరస్‌ను అదుపులో ఉంచే మందు) నడుస్తోంది, ఆపకూడదు
- టాక్రోలిమస్ (యాంటీ రిజెక్షన్ మందు, అంటే కొత్త లివర్‌ను ఒళ్లు తిప్పికొట్టకుండా ఆపేది) 1 మి.గ్రా. ఉదయం 9కి, రాత్రి 9కి
- మైకోఫెనోలేట్ (ఇదీ యాంటీ రిజెక్షన్ మందే) 500 మి.గ్రా. రెండు పూటలా
- ప్రెడ్నిసొలోన్ (స్టెరాయిడ్) 5 మి.గ్రా. ఉదయం
- ఆఖరి రిపోర్టు, తేదీతో: బిలిరుబిన్ 0.8, ఏఎల్‌టీ (లివర్ ఎంజైమ్) 28, క్రియాటినిన్ (కిడ్నీ టెస్టు) 1.1, టాక్రోలిమస్ లెవెల్ (రక్తంలో ఆ మందు ఎంత ఉందో) 6.2
- అడగకుండా ఇవ్వకూడని మందులు (7వ భాగం చూడండి)
- ఫోన్ నంబర్లు: కోఆర్డినేటర్, హెపటాలజిస్ట్ (లివర్ డాక్టరు), ట్రాన్స్‌ప్లాంట్ ఐసీయూ

ఆఖరి రిపోర్టు అంకెలు ఎందుకంటే, ఏఎల్‌టీ 90 అని వస్తే కొత్త డాక్టరుకు అది పెద్ద విషయంగా కనిపించకపోవచ్చు. పోయిన నెల 28 ఉన్న మనిషికి 90 అంటే మాత్రం ఏదో మొదలైనట్టే. క్రియాటినిన్ కూడా అంతే. 1.1 నుంచి 1.7కి వెళ్లిందని పక్కపక్కన చూపిస్తే తప్ప ఎవరికీ తెలియదు.

ఈ పేజీని మూడు చోట్ల ఉంచండి: పేషెంట్ పర్సులో, ఇంట్లో మందుల డబ్బాలో, కుటుంబం వాట్సాప్ గ్రూపులో. మందు మారిన ప్రతిసారీ కొత్తది రాసి పాతది చించేయండి. పాత డోసు ఉన్న పేజీ అసలు పేజీ లేకపోవడం కన్నా ప్రమాదం.

సంచిలో సర్దాల్సినవి:

- కనీసం 5 రోజులకు సరిపడా మందులు, స్ట్రిప్పులతో సహా. కత్తిరించి డబ్బాలో పోసినవి వద్దు, పేరు కనిపించాలి
- థర్మామీటర్, బీపీ మెషీన్, షుగర్ ఉంటే గ్లూకోమీటర్
- ఆధార్, ఆరోగ్యశ్రీ లేదా ఇన్సూరెన్స్ కార్డు కాపీలు
- మాస్కులు, ఫోన్ ఛార్జర్

ఇంకో రెండు పనులున్నాయి. కోఆర్డినేటర్ నంబరుకు రాత్రిపూట ఎవరు పలుకుతారో ముందే అడిగి పెట్టుకోండి. చాలామంది దగ్గర ఉన్నది పగటి నంబరే. రెండోది, మీ ఊరికి దగ్గర్లో 24 గంటలూ ఐసీయూ, బ్లడ్ కల్చర్ (రక్తంలో ఏ క్రిమి ఉందో చూసే టెస్టు), డాప్లర్ స్కాన్ (రక్తనాళాల్లో రక్తం పారుతోందో లేదో చూపే స్కాన్) ఉన్న ఆసుపత్రి ఏదో ఒకరోజు తీరిగ్గా వెళ్లి కనుక్కోండి. డాప్లర్ మెషీన్ ఉండడం వేరు, రాత్రిపూట దాన్ని చేసే రేడియాలజిస్ట్ రావడం వేరు. రెండూ అడగండి.

2. ఏది ఎమర్జెన్సీ, ఏది ఫోన్‌తో సరిపోతుంది

వెంటనే బయలుదేరాల్సినవి:

- 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ (38 సెల్సియస్) లేదా అంతకు మించి జ్వరం. జ్వరం లేకపోయినా వణుకుతో చలి
- కళ్లు పచ్చబడడం, మూత్రం ముదురు రంగులో రావడం, మలం తెల్లగా పాలిపోవడం, కొత్తగా ఒళ్లంతా దురద
- రక్తం వాంతి, తారులాంటి నల్లటి మలం
- మత్తుగా ఉండడం, పొంతన లేని మాటలు, ఫిట్స్, విపరీతమైన తలనొప్పి, చూపు మసకబారడం
- ఆయాసం, ఛాతీ నొప్పి
- తగ్గని కడుపు నొప్పి, కుట్ల దగ్గర చీము, డ్రెయిన్ పైపు ఊడిపోవడం
- పై బీపీ 90 కన్నా తక్కువ, లేదా మూత్రం బాగా తగ్గిపోవడం
- వాంతులతో యాంటీ రిజెక్షన్ మందు ఒంటికి అంటకపోవడం

అదే రోజు టీముకు ఫోన్ చేస్తే సరిపోయేవి: ఒక డోసు మర్చిపోవడం, జ్వరం లేని జలుబు, చేతుల్లో కొద్దిగా కొత్త వణుకు, ఒకటి రెండు నీళ్ల విరేచనాలు.

జ్వరం గురించి ఒక మాట ఎక్కువ చెప్పాలి. స్టెరాయిడ్, యాంటీ రిజెక్షన్ మందులు వాడేవాళ్లలో పెద్ద ఇన్ఫెక్షన్ ఉన్నా ఒళ్లు వేడెక్కకపోవచ్చు. కడుపులో చీము ఉన్నా పొట్ట మెత్తగానే ఉండొచ్చు. అంచేత "జ్వరం 99.8 ఏగా, పొద్దున చూద్దాం" అనే లెక్క ఈ మనిషికి పనికిరాదు. మనిషి నీరసంగా పడి ఉండి, బీపీ తగ్గుతూ, గుండె వేగంగా కొట్టుకుంటుంటే థర్మామీటర్ ఏం చెప్పినా బయలుదేరండి.

జ్వరం చూడకుండా డోలో వేసేయకండి. ముందు కొలవాలి, టైముతో రాసుకోవాలి, తర్వాతే మాత్ర.

3. బయలుదేరే ముందు పది నిమిషాలు

మనిషి మత్తులో ఉన్నా, రక్తం పోతున్నా, ఫిట్స్ వస్తున్నా ఇవేవీ వద్దు, ముందు 108కి ఫోన్ చేయండి. అలా లేకపోతే ఈ వరుసలో:

1. జ్వరం, బీపీ, నాడి, షుగర్ చూసి ఒక కాగితం మీద టైముతో రాయండి.
2. టాక్రోలిమస్ ఆఖరి డోసు ఎన్ని గంటలకు వేసుకున్నారో రాయండి. దాదాపు ప్రతి డాక్టరూ అడిగేది ఇదే.
3. కళ్లు, మూత్రం రంగు, కుట్లు, వాంతి, ఏది తేడాగా ఉంటే అది ఫోటో తీయండి. చూడ్డానికి ఇబ్బందే అయినా టీముకు పంపితే సగం సంగతి చెప్పకుండానే తెలుస్తుంది.
4. కోఆర్డినేటర్‌కు ఫోన్ చేయండి. ఎత్తకపోతే వాయిస్ మెసేజ్ పెట్టి కదలండి. తిరిగి ఫోన్ వచ్చేదాకా ఇంట్లో కూర్చోవద్దు.
5. సంచి తీసుకోండి. దారిలో అన్నం, టిఫిన్ పెట్టకండి. స్కానో, ఎండోస్కోపీయో అవసరమైతే కడుపు ఖాళీగా ఉండాలి.

ఉదయం డోసు వేసుకునే టైమైతే మాత్ర జేబులో పెట్టుకుని వెళ్లండి. టాక్రోలిమస్ లెవెల్ రక్తం ఎప్పుడూ డోసుకు ముందు తీయాలి, అంటే రెండు పూటలా వాడేవాళ్లకు ముందు డోసు వేసుకున్న 12 గంటలకు. రక్తం తీసిన వెంటనే మాత్ర వేసుకోవచ్చు. అంతేగానీ టెస్టు పేరుతో మధ్యాహ్నం దాకా డోసు ఆపుకోకూడదు.

4. దగ్గరి ఆసుపత్రికా, ట్రాన్స్‌ప్లాంట్ చేసిన చోటికా?

గంటలోపు చేరగలిగితే, మనిషి నిలకడగా ఉంటే నేరుగా ట్రాన్స్‌ప్లాంట్ సెంటర్‌కే వెళ్లండి. అంతకన్నా దూరమైతే ముందు ఐసీయూ ఉన్న దగ్గరి ఆసుపత్రి. రక్తస్రావం, మత్తు, ఫిట్స్, ఆయాసం, బీపీ పడిపోవడం లాంటివాటికి దూరం లెక్క అక్కర్లేదు, ఏది దగ్గరైతే అదే.

108 అంబులెన్స్ ముందు దగ్గరి ఆసుపత్రికే తీసుకెళ్తుంది. "మాది హైదరాబాద్ హాస్పిటల్, అక్కడికే పోనివ్వండి" అని దారిలో వాదన పెట్టుకోవద్దు. సెలైన్, కల్చర్, మొదటి యాంటీబయాటిక్ ఇక్కడ పడ్డాక, టీముతో మాట్లాడి అక్కడికి తరలించడమే క్షేమం. జ్వరంతో, పడిపోయే బీపీతో ఆరేడు గంటలు కారులో పడుకోబెట్టి తీసుకెళ్లడమే అసలు ప్రమాదం.

ఆపరేషన్ అయి మూడు నెలలు కూడా కాకపోతే మాత్రం, దగ్గరి ఆసుపత్రిలో కాస్త కుదురుకోగానే ట్రాన్స్‌ప్లాంట్ సెంటర్‌కు మార్చేలా మొదటి ఫోన్‌లోనే అడగండి.

5. క్యాజువాలిటీ కౌంటర్ దగ్గర

ఒక్కరే మాట్లాడండి. బావగారు ఒకటి, బాబాయి ఒకటి చెప్తే డాక్టరుకు ఏదీ అర్థం కాదు. "జ్వరం అండీ" అని మొదలుపెడితే కుర్చీ చూపించి కూర్చోమంటారు. అందుకని మొదటి వాక్యంలోనే అసలు సంగతి పడాలి:

"మేడమ్, ఈయన లివర్ ట్రాన్స్‌ప్లాంట్ పేషెంట్. టాక్రోలిమస్ మీద ఉన్నారు, ఇమ్యూనిటీ తక్కువ. రెండు గంటల నుంచి 101 జ్వరం, చలి. ఆఖరి డోసు రాత్రి 9కి. ఇదిగో వివరాల పేజీ, మా ట్రాన్స్‌ప్లాంట్ డాక్టర్ లైన్లో ఉన్నారు, ఒక్క నిమిషం మాట్లాడతారా?"

ఫోన్ అందివ్వడానికి మొహమాటపడకండి. కొందరు డ్యూటీ డాక్టర్లు మొదట విసుక్కుంటారు, అది సహజమే. అయినా చాలామంది కొత్త కేసులో దారి చూపే మనిషి లైన్లో ఉన్నందుకు సంతోషిస్తారు.

పేషెంట్‌కు మాస్కు వేసి, దగ్గేవాళ్ల పక్కన కాకుండా విడిగా కూర్చోబెట్టమని అడగండి. ఆటలమ్మ పోసిన పిల్లలు ఆ గదిలో ఉంటే ఆ సంగతి టీముకు తప్పకుండా చెప్పాలి.

6. మొదటి గంటలో ఏ వరుసలో ఏం జరగాలి

ఇక్కడ వరుస ముఖ్యం. కల్చర్‌కు ముందే యాంటీబయాటిక్ పడితే ఏ క్రిమి పట్టిందో తెలుసుకోవడం కష్టమవుతుంది.

1. బీపీ, నాడి, ఆక్సిజన్, స్పృహ, షుగర్. సెలైన్ సూది పెట్టడం.
2. ఆ సూది నుంచే రక్తం: సీబీపీ (రక్తకణాల లెక్క), ఎల్‌ఎఫ్‌టీ (లివర్ టెస్టులు), ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టే టెస్టు), క్రియాటినిన్, సోడియం, పొటాషియం, మెగ్నీషియం, లాక్టేట్. టాక్రోలిమస్ లెవెల్‌కు ఊదా రంగు మూత ఉన్న ఈడీటీఏ ట్యూబులో, ఆఖరి డోసు టైము రాసి. ఆ టెస్టు మీ ఊళ్లో జరగకపోయినా ట్యూబు తీసి పంపించవచ్చు.
3. బ్లడ్ కల్చర్ రెండు వేర్వేరు చోట్ల నుంచి, యూరిన్ కల్చర్. డ్రెయిన్ ఉంటే అందులోంచి కూడా.
4. సెప్సిస్ (ఇన్ఫెక్షన్ ఒళ్లంతా ముదిరి ప్రాణం మీదికి రావడం) అనుమానం ఉంటే గంటలోపు యాంటీబయాటిక్. స్కాన్ రిపోర్టు కోసం ఆగకూడదు. ఏ మందన్నది ఫోన్‌లో టీముతో కలిసి తేల్చుకోవాలి.
5. ఒంట్లో నీరు తగ్గి ఉంటే సెలైన్. టాక్రోలిమస్ మీద ఉన్న కిడ్నీ డీహైడ్రేషన్‌ను తట్టుకోలేదు.
6. చాలాకాలంగా స్టెరాయిడ్ వాడే మనిషికి సెలైన్ ఎక్కించినా బీపీ లేవకపోతే అడ్రినల్ లోపం (ఒంట్లో సొంతంగా తయారయ్యే స్టెరాయిడ్ చాలకపోవడం) గుర్తుకురావాలి. పెద్దవాళ్లకు హైడ్రోకార్టిసోన్ 100 మి.గ్రా. రక్తనాళంలోకి ఇవ్వడం మామూలు పద్ధతి.
7. ఛాతీ ఎక్స్‌రే, డాప్లర్‌తో కలిపి కడుపు అల్ట్రాసౌండ్.

డాప్లర్ దగ్గర ఆగి చెప్పాలి. "స్కాన్ నార్మల్" అని రాసిన కాగితం తెచ్చి నిశ్చింతగా ఉన్నవాళ్లు ఉంటారు. మామూలు స్కాన్‌లో లివర్ ఆకారం కనిపిస్తుంది, రక్తం పారుతోందో లేదో తెలియదు. కొత్త లివర్‌కు రక్తం తెచ్చే హెపాటిక్ ఆర్టరీ మూసుకుపోతే, ముఖ్యంగా మొదటి నెలలో, గంటల మీద నిర్ణయం జరగాలి. ఒక్కోసారి మళ్లీ ట్రాన్స్‌ప్లాంట్ దాకా వెళ్తుంది. కాబట్టి రిపోర్టులో హెపాటిక్ ఆర్టరీ, పోర్టల్ వెయిన్, హెపాటిక్ వెయిన్లు, పిత్తనాళాలు అనే నాలుగు మాటలూ ఉన్నాయా అని మీరే చూడండి. లేకపోతే అడగండి.

తెల్లరక్తకణాల అంకెను నమ్ముకుని కూర్చోకూడదు. స్టెరాయిడ్ దాన్ని పెంచుతుంది, మైకోఫెనోలేట్ తగ్గిస్తుంది. ఇన్ఫెక్షన్ ఉన్నా నార్మల్‌గా కనిపించవచ్చు.

ఎల్‌ఎఫ్‌టీలో ఏఎస్‌టీ, ఏఎల్‌టీ ఎగబాకితే రిజెక్షన్, రక్తనాళం మూసుకుపోవడం, వైరస్, మందుల ప్రభావం, ఏదైనా కావచ్చు. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, జీజీటీ, బిలిరుబిన్ ఎక్కువగా పెరిగితే చూపు ముందు పిత్తనాళం వైపు పోతుంది. అయితే ఇది సూచన మాత్రమే. రిజెక్షన్ అని తేల్చడానికి సాధారణంగా బయాప్సీ (లివర్ నుంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) కావాలి. కాబట్టి "ఎంజైమ్స్ పెరిగాయి, రిజెక్షనే" అని క్యాజువాలిటీలో పెద్ద డోసు స్టెరాయిడ్ మొదలుపెట్టకూడదు. అది ఇన్ఫెక్షన్ అయితే నిప్పులో నెయ్యి పోసినట్టే.

7. మందులు: ఎక్కువ పొరపాట్లు ఇక్కడే

ఇంజెక్షన్ ఏదైనా సరే, సూది గుచ్చేముందు పేరు అడగండి. గట్టిగా అడగక్కర్లేదు. "సిస్టర్, పేరు చెప్పండి, రాసుకుంటాను" అంటే చాలు.

నొప్పి మందులు

డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, కీటోరోలాక్, మెఫినమిక్ యాసిడ్ వద్దు. టాక్రోలిమస్ ఎలాగూ కిడ్నీ మీద భారం వేస్తుంది, ఇవి పడితే క్రియాటినిన్ ఒక్కసారిగా పెరగొచ్చు. నిమెసులైడ్ అయితే లివర్‌కే చేటు. ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చే "జ్వరం, ఒళ్లు నొప్పుల ఇంజెక్షన్"లో చాలాసార్లు ఉండేది డైక్లోఫెనాకే.

జ్వరానికైనా నొప్పికైనా పారాసిటమాల్ వాడొచ్చు. పెద్దవాళ్లకు రోజుకు మొత్తం 2 గ్రాములు దాటకుండా, అంటే 650 మాత్రలైతే మూడు. సెలైన్‌లో ఎక్కించే పారాసిటమాల్ కూడా ఆ లెక్కలోకే వస్తుంది, అది మర్చిపోతుంటారు.

టాక్రోలిమస్ లెవెల్‌ను పెంచేవి

క్లారిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్, ఫ్లుకొనజోల్, వోరికొనజోల్, ఇట్రాకొనజోల్, డిల్టియాజెమ్, వెరాపమిల్, కొవిడ్‌కు వాడే రిటోనవిర్ ఉన్న మందు. ఇవి నిషిద్ధం అని కాదు. ఫంగస్ పడితే వోరికొనజోల్ ఇవ్వక తప్పదు. కానీ టాక్రోలిమస్ డోసు ముందే తగ్గించి, లెవెల్ చూస్తూ ఇవ్వాలి. ఆ లెక్క వేయాల్సింది ట్రాన్స్‌ప్లాంట్ టీమ్. అజిత్రోమైసిన్‌తో ఈ గొడవ చాలా తక్కువ.

పండ్లలో గ్రేప్‌ఫ్రూట్, పంపర పనస ఇదే పని చేస్తాయి. "ఏమైనా కొత్తగా తిన్నారా" అని అడిగితే పండు గురించి ఎవరికీ గుర్తురాదు.

లెవెల్‌ను పడగొట్టేవి

రిఫాంపిసిన్, ఫెనిటోయిన్, కార్బమజెపిన్, ఫినోబార్బిటోన్. ఫిట్స్ అనగానే క్యాజువాలిటీలో చెయ్యి ఎప్టాయిన్ మీదకే పోతుంది, అది ఫెనిటోయినే. ఈ పేషెంట్లకు లెవెటిరాసెటమ్ మేలు, టాక్రోలిమస్‌తో దానికి పేచీ లేదు. టీబీ అనుమానం వస్తే మందులు మొదలుపెట్టే ముందే టీముకు చెప్పాలి, ఎందుకంటే రిఫాంపిసిన్ పడిన కొద్ది రోజుల్లోనే టాక్రోలిమస్ లెవెల్ అడుగంటి రిజెక్షన్ రావచ్చు.

కిడ్నీని దెబ్బతీసే యాంటీబయాటిక్స్

జెంటామైసిన్, అమికాసిన్. వేరే దారి లేకపోతేనే, అదీ టీముతో మాట్లాడాకే. సీటీ స్కాన్‌కు ఎక్కించే కాంట్రాస్ట్ మందు విషయంలో మరీ భయపడక్కర్లేదు. నిజంగా అవసరమైతే, ఒంట్లో నీరు చాలినంత ఉండేలా చూసి చేస్తారు.

యాంటీ రిజెక్షన్ మందులు

అడ్మిషన్ హడావుడిలో ఎక్కువసార్లు తప్పిపోయేది ఇవే. కేస్ షీట్‌లో రాయలేదని సిస్టర్ ఇవ్వరు, సిస్టర్ ఇస్తారులే అని ఇంట్లోవాళ్లు ఊరుకుంటారు, రెండు డోసులు పోతాయి.

- "నోటితో ఏమీ ఇవ్వొద్దు" అని రాసినా, గుక్కెడు నీళ్లతో ఈ మాత్రలు వేయొచ్చా అని విడిగా అడగండి. ముక్కు గొట్టం ద్వారా ఇచ్చే వీలు కూడా టీమ్ చెప్తుంది.
- రోజుకు ఒకసారి వేసుకునే టాక్రోలిమస్, రెండుసార్లు వేసుకునేది ఒకటి కాదు. ఫార్మసీలో "అదే మందు" అని ఇచ్చినా మార్చకండి. మీ సంచిలోని స్ట్రిప్పే వాడమని అడగండి.
- మందు వేశాక వాంతి అయితే ఎన్ని నిమిషాలకు అయిందో రాయండి. మళ్లీ డోసు వేయాలా వద్దా అన్నది దాన్నిబట్టి టీమ్ చెప్తుంది.
- తీవ్రమైన ఇన్ఫెక్షన్‌లో మైకోఫెనోలేట్ తగ్గించడం, ఆపడం ఉంటుంది. నిర్ణయం టీముది, మీదీ కాదు, డ్యూటీ డాక్టరుదీ కాదు.
- మెగ్నీషియం, అల్యూమినియం ఉన్న గ్యాస్ సిరప్ మైకోఫెనోలేట్‌తో కలిపి వేయకండి, మందు ఒంటికి పట్టదు. రెండు గంటల తేడా ఉండాలి.

ఇంకో చిన్న విషయం. ఆసుపత్రికి చూడ్డానికి వచ్చే ప్రతి ఒక్కరూ కొబ్బరిబోండం తెస్తారు. టాక్రోలిమస్ పొటాషియాన్ని పెంచుతుంది, సెప్ట్రాన్ లాంటి కోట్రైమాక్సజోల్ తోడైతే ఇంకా పెరుగుతుంది, కొబ్బరి నీళ్లలో పొటాషియం దండిగా ఉంటుంది. రిపోర్టు వచ్చేదాకా బోండాలు పక్కన పెట్టండి.

8. ఆపరేషన్ అయి ఎంతకాలమైంది?

డాక్టరు మొదట అడగాల్సిన ప్రశ్నల్లో ఇదొకటి. అడగకపోతే మీరే చెప్పండి.

మొదటి నెలలో ఆపరేషన్‌కు సంబంధించినవే ఎక్కువ: బైల్ లీకవడం, లోపల చీము, రక్తనాళం మూసుకుపోవడం, ఆసుపత్రిలో అంటుకున్న క్రిములు, తొలి రిజెక్షన్.

1 నుంచి 6 నెలల మధ్య మందుల మోతాదు ఎక్కువగా ఉంటుంది కాబట్టి మామూలు మనుషులకు రాని ఇన్ఫెక్షన్లు వస్తాయి. సీఎంవీ (సైటోమెగలోవైరస్ అనే వైరస్), న్యూమోసిస్టిస్ న్యుమోనియా, ఫంగస్, టీబీ. సీఎంవీకి ముందుజాగ్రత్తగా ఇచ్చే వాల్‌గాన్‌సైక్లోవిర్ ఆపిన తర్వాతి వారాల్లో జ్వరం, నీరసం, విరేచనాలు వస్తే ఆ టెస్టు గుర్తుచేయండి.

6 నెలలు దాటాక అందరికీ వచ్చే జబ్బులే వస్తాయి, కాకపోతే గట్టిగా వస్తాయి. వాటితోపాటు పిత్తనాళం సన్నబడడం, ఏళ్లు గడిచేకొద్దీ బీపీ, షుగర్, గుండె, కిడ్నీ.

9. తరచూ వచ్చే సందర్భాలు

కామెర్లు. మన దగ్గర లైవ్ డోనర్ ఆపరేషన్లు ఎక్కువ, వాటిలో పిత్తనాళం సన్నబడే సమస్య కూడా ఎక్కువ. కామెర్లతో పాటు చలిజ్వరం ఉంటే నాళంలో ఇన్ఫెక్షన్ అని అనుమానించి వెంటనే యాంటీబయాటిక్, తర్వాత ఎంఆర్‌సీపీ (పిత్తనాళాలను చూపే ఎంఆర్‌ఐ స్కాన్), ఈఆర్‌సీపీ (నోటి ద్వారా ఎండోస్కోప్‌తో నాళంలోకి వెళ్లి తెరవడం) లాంటివి. పిత్తనాళాన్ని పేగుకు కలిపిన వాళ్లలో ఈఆర్‌సీపీ కష్టం, బయట నుంచి లివర్‌లోకి సన్నని పైపు వేయాల్సి రావచ్చు. ఒకటో భాగంలోని పేజీలో ఆ వివరం రాయమన్నది ఇందుకే.

కామెర్లు అనగానే పసరు మందు పోయించడం, చేతి మీద వాత పెట్టించడం ఇంకా ఉంది. "ఒక్క పూటేగా, నష్టమేముంది" అని పెద్దవాళ్లు అంటారు. నాళం మూసుకుని ఉంటే పసరు దాన్ని తెరవదు, ఆ పూటలో సెప్సిస్ మాత్రం ముదురుతుంది. ఇమ్యూనిటీ పెరగాలని తిప్పతీగ, కషాయాలు ఇవ్వడం కూడా అంతే. ఇక్కడ ఇమ్యూనిటీని తగ్గించడానికే మందులిస్తున్నారు. తిప్పతీగ వల్ల లివర్ దెబ్బతిన్న కేసులు మన దేశంలోనే నమోదయ్యాయి. ఇప్పటికే ఇచ్చి ఉంటే దాచకుండా డాక్టరుకు చెప్పండి.

విరేచనాలు, వాంతులు. చాలామంది టాక్రోలిమస్ లెవెల్ తగ్గిపోతుందనుకుంటారు. నిజానికి విరేచనాల్లో అది తరచూ పెరుగుతుంది. పైన డీహైడ్రేషన్. రెండూ కలిస్తే కిడ్నీ మీద దెబ్బ. విరేచనాలు ఆగే మాత్ర సొంతంగా వేయకండి. క్రియాటినిన్, పొటాషియం, లెవెల్ చూపించండి.

ఫిట్స్, తలనొప్పి, చేతుల వణుకు. టాక్రోలిమస్ ఎక్కువైనా, మెగ్నీషియం తగ్గినా, బీపీ బాగా పెరిగినా ఇవి రావచ్చు. ఇన్ఫెక్షన్ కూడా కావచ్చు కాబట్టి తల స్కాన్ దాటవేయకూడదు.

ఛాతీ నొప్పి. "గ్యాస్ అయ్యుంటుంది" అని పాంటాప్ ఇంజెక్షన్‌తో సరిపెట్టకూడదు. ఈసీజీ, ట్రోపోనిన్ (గుండెపోటును పట్టే రక్తపరీక్ష) తప్పనిసరి. బీపీ, షుగర్ తోడైన ట్రాన్స్‌ప్లాంట్ పేషెంట్‌కు గుండెపోటు ముప్పు మామూలు కన్నా ఎక్కువే.

డెంగీ. వానాకాలంలో ప్లేట్‌లెట్లు తగ్గి, ఏఎస్‌టీ, ఏఎల్‌టీ పెరిగితే అది డెంగీ కావచ్చు, రిజెక్షన్ కావచ్చు, సీఎంవీ కావచ్చు. డెంగీ టెస్టు పాజిటివ్ వచ్చిందని డాప్లర్ మానకూడదు.

కుక్క కాటు. గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద 15 నిమిషాలు కడగండి. రేబిస్ వ్యాక్సిన్ ఈ పేషెంట్లకు నిరభ్యంతరంగా వేయొచ్చు, అది లైవ్ వ్యాక్సిన్ కాదు. మామూలుగా రక్తం రాని చిన్న గీరుడుకు ఇమ్యునోగ్లోబులిన్ వేయరు. ఇమ్యూనిటీ తక్కువ ఉన్నవాళ్లకు మాత్రం అలాంటి గాయానికీ వేయాలి. సిబ్బంది అక్కర్లేదంటే ట్రాన్స్‌ప్లాంట్ సంగతి చెప్పి మళ్లీ అడగండి. టీటీ కూడా ఇబ్బంది లేదు.

10. పని చెడగొట్టే పొరపాట్లు, అప్పుడు ఏం చేయాలి

- డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ ఇప్పటికే పడిపోయింది: కంగారు వద్దు. టైము రాసి టీముకు చెప్పండి, మళ్లీ పడకుండా చూడండి, క్రియాటినిన్ పరీక్ష ఎప్పుడు చేయించాలో అడగండి.
- డోసు తప్పిపోయింది: తర్వాతి పూట రెండు కలిపి వేయకండి. ఫోన్ చేసి అడగండి.
- కల్చర్ తీయకుండా యాంటీబయాటిక్ మొదలైంది: ఇప్పుడైనా తీయమనండి, ఏ మందు ఎప్పుడు పడిందో కాగితం మీద రాయమనండి.
- లెవెల్‌కు రక్తం మాత్ర వేశాక తీశారు: రిపోర్టులో అంకె ఎక్కువ వస్తుంది. ఆ సంగతి చెప్పకపోతే అనవసరంగా డోసు తగ్గిస్తారు. డోసు టైము, రక్తం తీసిన టైము రెండూ చెప్పండి.
- "ఇక్కడ చూడలేం, తీసుకెళ్లిపోండి" అన్నారు: వెళ్లేముందు సెలైన్ లైన్, కల్చర్లు, మొదటి యాంటీబయాటిక్ అడగండి. ఆక్సిజన్ ఉన్న అంబులెన్స్‌లోనే కదలండి.

11. వేరే చోటికి తరలిస్తున్నా, ఇంటికి పంపిస్తున్నా

ఇవి చేతిలో లేకుండా కదలకండి:

- ఇచ్చిన ప్రతి మందు పేరు, డోసు, టైము ఉన్న కాగితం
- రిపోర్టుల కాపీలు, స్కాన్ ఫిల్ములు లేదా సీడీ
- కల్చర్ రిపోర్టు ఏ రోజు వస్తుంది, ఎవరికి ఫోన్ చేసి కనుక్కోవాలి
- టాక్రోలిమస్ తర్వాతి డోసు ఎప్పుడు, పాత డోసేనా, మార్చారా
- లెవెల్, ఎల్‌ఎఫ్‌టీ, క్రియాటినిన్ మళ్లీ ఎప్పుడు

కల్చర్ రిపోర్టుకు రెండు మూడు రోజులు, ఒక్కోసారి అయిదు రోజులు పడుతుంది. అప్పటికి మీరు ఇంట్లోనో, వేరే ఆసుపత్రిలోనో ఉంటారు, రిపోర్టు ల్యాబ్ కౌంటర్‌లో పడి ఉంటుంది. తీసిన రోజే ల్యాబ్ నంబరు, శాంపిల్ నంబరు ఫోటో తీసి కోఆర్డినేటర్‌కు పంపండి.

ఇంటికి పంపేముందు ఒకసారి ట్రాన్స్‌ప్లాంట్ టీముతో మాట్లాడించమని అడగండి. కొత్తగా రాసిన మందుల చీటీ ఫోటో వాళ్లకు పంపి, "ఇవి వాడొచ్చు" అన్న జవాబు వచ్చాకే మెడికల్ షాపుకు వెళ్లండి.